పంచనామాలో మతిస్థిమితం

1994 ఫిబ్రవరిలో ఒక శవ పంచనామా కాగితం మీద నేను సాక్షి సంతకం చేశాను. చనిపోయినవాడు నా గది మిత్రుడు. కోస్తాలోని ఒక పట్టణంలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటూ ఇద్దరం బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాం. హెడ్ కానిస్టేబుల్ వరండాలో బల్ల వేయించుకుని చెబుతుంటే మరొకరు రాశారు. ఒంటి మీది బట్టలు, జేబులోని చిల్లర, బస్సు పాసు అన్నీ వివరంగా నమోదయ్యాయి. చివర ఒక వాక్యం చేరింది. మృతుడు జీవితంపై విరక్తి చెంది, మతిస్థిమితం కోల్పోయి ఈ అఘాయిత్యానికి పాల్పడినట్లు పంచుల ఏకాభిప్రాయం అని. మా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అయినా ఐదుగురం వరుసగా సంతకాలు పెట్టాం. చదివి పెట్టినవాణ్ని నేనొక్కణ్నే.

ఆ వాక్యంలో చోటు దక్కనివి నాకు తెలుసు. అతని ప్రాక్టికల్ రికార్డు మూడుసార్లు సంతకం లేకుండా వెనక్కి వచ్చింది. మొదటిసారి మార్జిన్ సరిగా లేదన్నారు, రెండోసారి బొమ్మలు మళ్లీ వేయమన్నారు, మూడోసారి కారణం కూడా చెప్పలేదు. స్కాలర్‌షిప్ విద్యార్థుల పేర్లు విడిగా పిలిచి, ‘ప్రభుత్వ దత్తపుత్రులు లేవండి’ అని తరగతిలో నిలబెట్టే అధ్యాపకుడి చేతిలోనే ఆ సంతకం ఉంది. రికార్డు లేనిదే పరీక్ష లేదు, పరీక్ష లేనిదే డిగ్రీ లేదు. చివరి వారం రోజులు అతను సరిగా తినలేదు. రాత్రిళ్లు నిద్రపోలేదు. అదీ నిజమే. ఆ రెండు నిజాల్లో రెండోది మాత్రమే కాగితం ఎక్కింది.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు. ఆసామి పొలంలో పాలేరు. కాగితంలో ఏముందో ఎవరో చెప్పినట్టున్నారు. నన్ను పక్కకు పిలిచి అడిగాడు: ‘మావాడికి పిచ్చని రాశారంట గదా బాబూ! సంక్రాంతికి వచ్చినప్పుడు రెండేళ్ల కూలి లెక్కలు కూర్చుని రాసిచ్చాడు. ఆసామి పుస్తకంతో పోలిస్తే తప్పు ఆయన వైపే తేలింది. పిచ్చోడు లెక్కలు అట్టా రాస్తాడా?’ నేను జవాబు చెప్పలేదు. అలా రాస్తే శవాన్ని తొందరగా అప్పగిస్తారని, కుటుంబాన్ని స్టేషన్ చుట్టూ తిప్పరని మాకు చెప్పారు. ఆ మాట ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

ముప్పై ఏళ్లుగా మన పత్రికల జిల్లా పేజీలు చదువుతూ ఆ వాక్యానికి బంధువులను ఎన్నో చూశాను. ‘మనస్తాపానికి గురై’, ‘క్షణికావేశంలో’, ‘కడుపునొప్పి తాళలేక’. ఈ కడుపునొప్పి ఎక్కువగా కొత్త కోడళ్లకే వస్తుంది. మనస్తాపం ఎక్కువగా విద్యార్థులకు. ఈ మాటలకు ఒక వ్యాకరణ లక్షణం ఉంది. వీటిలో కర్త ఉండడు. తాపం కలిగింది, విరక్తి పుట్టింది, మతి పోయింది. కలిగించినవాడు వాక్యం బయటే నిలబడి ఉంటాడు.

ఆత్మహత్య చేసుకున్నవాడి మనసు సరిగా ఉందా లేదా అన్న ప్రశ్న మనకు ఇంగ్లిషువాడి చట్టంతో వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లండులో తెలివుండి ప్రాణం తీసుకున్నవాడు నేరస్థుడు. ఆస్తిని రాజు జప్తు చేసేవాడు, చర్చి మర్యాదగా పూడ్చనిచ్చేది కాదు. మతి తప్పి చేశాడని తేలితే ఆ శిక్షలు ఉండవు. అందుకని అక్కడి జ్యూరీలు కాలక్రమంలో దాదాపు ప్రతి మృతుణ్నీ మతి తప్పినవాడిగానే ప్రకటించడం మొదలుపెట్టాయి. అది అబద్ధమే కావచ్చు, కానీ దయగల అబద్ధం. దాని నీడన వితంతువుకు ఇల్లు మిగిలింది. మా హాస్టల్ వరండాలో పుట్టిన అబద్ధం నీడన మిగిలింది ఎవరు?

1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసింది. నా మిత్రుడు పోయిన రెండు నెలలకు, 1994 ఏప్రిల్‌లో, పి.రథినం కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. మంచిదే. అయితే 226వ సెక్షన్ ఒకటి కొత్తగా వచ్చి చేరింది. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయకుండా ఆపడానికో, చేయించడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది వరకు జైలు. సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్ ముందు ఒంటి మీద కిరోసిన్ పోసుకునే నిరుపేదను గుర్తు తెచ్చుకోండి. అసైన్డ్ భూమి పోగొట్టుకున్న ఆ మనిషి ఏ కులంవాడో సాధారణంగా అడగనక్కర్లేదు. కారణం లేకుండా చావబోతే అతను రోగి, క్షమార్హుడు. కారణం చెప్పి చావబోతే అతను నేరస్థుడు. బతకాలంటే తన కారణాన్ని తానే వదులుకోవాలి.

ఇదే చట్టంలో మరో విచిత్రం ఉంది. దీన్ని మన ఉద్యమాలు కూడా తగినంత పట్టించుకోలేదు. ఆత్మహత్యకు ప్రేరేపించిన వ్యక్తికి పాత స్మృతిలో 306, కొత్తదానిలో 108 కింద పదేళ్ల వరకు శిక్ష. కానీ చనిపోయినది పసివాడైనా, మతిస్థిమితం లేనివాడైనా ప్రేరేపించిన వ్యక్తికి పాత 305, కొత్త 107 కింద ఉరి లేదా యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. అంటే చట్టం దృష్టిలో చెదిరిన మనసును చావు వైపు నెట్టడం చిన్న నేరం కాదు, మరింత పెద్ద నేరం. ఆ లెక్కన ‘మతిస్థిమితం కోల్పోయి’ అని పంచనామాలో రాసిన ప్రతిసారీ దర్యాప్తు పదునెక్కాలి. మన ఠాణాల్లో ఆ మాటతో దస్త్రం మూతపడుతుంది. మనిషిని పిచ్చివాడనడమూ, అతణ్ని పిచ్చివాణ్ని చేసినవారెవరని అడగకపోవడమూ రెండూ ఒకే కలంతో జరుగుతాయి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2013లో పుల్యాల రాజు, మదారి వెంకటేష్ వరుసగా వెళ్లిపోయారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. ఆయన విషయంలో మనసును తూచిన తీరు మాత్రం కాస్త ఆగి చూడదగ్గది. రోహిత్ రెండు ఉత్తరాలు రాశాడు. 2015 డిసెంబరు 18న వైస్ ఛాన్సలర్‌కు రాసినది మొదటిది. దళిత విద్యార్థులను చేర్చుకునేటప్పుడే వాళ్ల చావుకు కావలసిన ఏర్పాట్లు కూడా చేసిపెట్టండని అందులో చేదుగా కోరాడు. అప్పటికి ఆయన ఫెలోషిప్ నెలలుగా ఆగిపోయి ఉంది. మరో నలుగురితో పాటు హాస్టల్ నుంచి వెలివేతకు గురయ్యాడు. తరవాత వాళ్లు ఆరుబయట వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. రెండో ఉత్తరం చివరిది. తన చావుకు ఎవరూ బాధ్యులు కారని అందులో రాశాడు. ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్బై అయిదు వేలు రావాలని, అది తన కుటుంబానికి అందేలా చూడమని, ఒక మిత్రుడికి నలభై వేలు బాకీ ఉన్నానని కూడా రాశాడు. ఆ లెక్కలు మొదటిసారి చదివినప్పుడు నాకు పాలేరు కొడుకు రాసిన కూలి లెక్కలు గుర్తుకొచ్చాయి.

కేంద్రం నియమించిన రూపన్‌వాల్ కమిషన్ చివరి ఉత్తరాన్ని ఆధారం చేసుకుంది. ఆయనకు సొంత సమస్యలున్నాయని, లోకం తీరుతో విసిగిపోయాడని, ఎవరినీ నిందించలేదని తేల్చింది. పనిలో పనిగా ఆయన దళితుడు కాదని కూడా చెప్పింది. 2024 మేలో బయటపడిన తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక కూడా ఆ దారినే నడిచింది. కుల ధ్రువపత్రం విషయం బయటపడుతుందన్న భయం ఆయన్ను వెంటాడి ఉండవచ్చని ఊహించింది. నిరసనలు రేగాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. ఇక్కడ తర్కం గమనించండి. ఎవరూ బాధ్యులు కారన్న వాక్యం రాసేటప్పుడు రోహిత్ పూర్తి తెలివిలో ఉన్నాడు, ఆ మాట సాక్ష్యం. నెల రోజుల ముందు వైస్ ఛాన్సలర్‌ను నిలదీసిన ఉత్తరం రాసేటప్పుడు మాత్రం నిరాశలో ఉన్నాడు, ఆ మాట రోగలక్షణం. ఒకే మనిషి తమకు పనికొచ్చే వాక్యం దగ్గర స్వస్థుడు, తమను పట్టిచ్చే వాక్యం దగ్గర అస్వస్థుడు.

న్యాయస్థానాల కొలబద్దలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 1990ల తొలినాళ్లలో పశ్చిమ బెంగాల్‌కు చెందిన ఒరిలాల్ జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ కేసు తరవాత కేసులో వినిపిస్తుంది. మృతురాలు అతి సున్నిత మనస్కురాలై, ఆ సమాజంలో మామూలుగా ఉండే చికాకులకే ప్రాణం తీసుకుని ఉంటే, ప్రేరేపణ నేరం నిలవదన్నది దాని సారాంశం. కుటుంబ కలహాల విషయంలో అందులో కొంత న్యాయం ఉంది. ప్రతి కోపపు మాటకూ మనిషిని జైల్లో వేయలేం. కానీ ‘ఆ సమాజంలో మామూలు’ అన్న తూకపురాయిని మాదిగవాడలోకో, తాండాలోకో తీసుకుపోతే ఏమవుతుంది? రికార్డు మూడుసార్లు తిప్పికొట్టడం మామూలే. దత్తపుత్రులు లేవండి అనడం మామూలే. 2019 మేలో ముంబైలో ప్రాణం తీసుకున్న తడ్వీ భిల్ యువ వైద్యురాలు పాయల్ తడ్వీకి తోటి డాక్టర్ల నుంచి ఎదురైనట్టు ఆరోపణలున్న మాటలూ వాళ్ల లెక్కలో మామూలే అయి ఉండాలి. అవమానం ఎంత పాతదైతే అంత మామూలవుతుంది. దానికి తట్టుకోలేనివాడు అంత సున్నిత మనస్కుడవుతాడు.

చట్టానికి వేరే దారి తెలియదని కాదు. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుని, అత్తింటి క్రూరత్వం రుజువైతే, ప్రేరేపణ జరిగినట్టు కోర్టు భావించవచ్చని 1983లోనే సాక్ష్యాధారాల చట్టానికి 113ఏ చేర్చారు. స్త్రీల ఉద్యమాలు కడుపునొప్పి అన్న మాటను నమ్మడానికి నిరాకరించినందువల్ల వచ్చిన మార్పు అది. మనస్తాపాన్ని ఇంకా మనం నమ్ముతూనే ఉన్నాం.

ఇక మనవాళ్ల సంగతి. ఎదుటివాళ్లు మతిలేదన్న ప్రతిసారీ మనం సంపూర్ణ చైతన్యంతో చేసిన ప్రతిఘటన అంటాం. సభల్లో నేనూ అన్నాను, కవిత్వం కూడా రాశాను. ఆ కవిత ఇప్పుడు ఎక్కడ కనబడినా చదవను. కారణం ఒక పరిశోధక విద్యార్థి. పదేళ్ల కిందట, సభ అయిపోయి కుర్చీలు సర్దుతుండగా నా దగ్గరకొచ్చాడు. ‘సార్, నేను ఆరు నెలల నుంచి మానసిక వైద్యుడి దగ్గర మందులు వాడుతున్నా. మనవాళ్లకు చెప్పొద్దు. రేపు నాకేదైనా జరిగితే, చూశారా ముందే పిచ్చి ఉంది అంటారు. మన కేసు పోతుంది’ అన్నాడు. చచ్చిపోయాక కూడా కేసు గెలవాలన్న పట్టుదలతో ఆ కుర్రాడు బతికుండగా మందు సీసా దాచుకుంటున్నాడు! అతనికి ఆ భయం పెట్టింది ఒక్క పోలీసులే కాదు. తెలివుండి చనిపోయినవాణ్నే అమరుడన్న నాలాంటివాళ్లు కూడా.

నేను ఆ రోజు అతనికి చెప్పలేక, ఆ తరవాత చదివి తెలుసుకున్న విషయం ఒకటుంది. 2017 చట్టం మూడో సెక్షన్లో రెండు మాటలున్నాయి. ఒకటి: మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను బట్టో, తన సమాజపు విలువలకు ఒదగలేదన్న కారణంతోనో మానసిక వ్యాధి ఉందని నిర్ణయించరాదు. రెండు: మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన మనిషి మతిలేనివాడు కాడు; అది తగిన న్యాయస్థానం మాత్రమే ప్రకటించాలి. మందులు వాడే మనిషి చెప్పే సాక్ష్యం సాక్ష్యమే. లెక్కలు తప్పని కొడుక్కి నిద్రపట్టకపోవడమూ, నిద్రపట్టని కొడుకు లెక్కలు తప్పకపోవడమూ రెండూ సాధ్యమే. కుంగుబాటు ఉందని ఒప్పుకుంటే కులం తప్పించుకుంటుందన్న భయం మనకెందుకు? కాలు విరిగిందని ఒప్పుకుంటే విరగ్గొట్టినవాడు తప్పించుకుంటాడా?

నాకు తోచిన పనులు పెద్దవేమీ కావు. విద్యార్థి మృతిపై విచారణ శరీరంతో ఆగకుండా స్కాలర్‌షిప్ ఫైలు, ఇంటర్నల్ మార్కులు, గైడ్ కేటాయింపు, ఫిర్యాదుల పుస్తకం కూడా స్వాధీనం చేసుకోవాలి. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు వందమంది పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో సలహాదారుడు ఉండాలన్నాయి. బడుగు వర్గాల పిల్లలతో మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఉండాలని కూడా చెప్పాయి. ఆ సలహాదారుడు దత్తపుత్రుల భాష మాట్లాడేవాడైతే ఎవరూ గడప తొక్కరు. ఈలోపు 14416 అన్న టెలి మానస్ నంబరు హాస్టల్ గోడల మీద ఉందో లేదో వార్డెన్లు చూస్తే చాలు. మాట్లాడినవాడి కారణం సరైనదా కాదా అన్నది తరవాత తేల్చుకోవచ్చు, ముందు అతను బతికుండాలి.

ఆ పరిశోధక విద్యార్థి డాక్టరేట్ పూర్తి చేశాడు. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. మందులు ఇంకా వాడుతున్నాడు, దాచుకోవడం మానేశాడు.

పాలేరు పెద్దాయన్ను చివరిసారి 2011లో కలిశాను. చూపు బాగా తగ్గింది. కొడుకు రాసిన కూలి లెక్కల కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఉన్నాడు. ‘బాబూ, ఆ రోజు స్టేషనోళ్లు రాసిన కాయితం ఇంకా ఉంటదా? ఆ పిచ్చి అన్న ముక్క ఒక్కటి కొట్టేయించడానికి కుదురుద్దా?’ అని అడిగాడు. ఇన్నేళ్ల తరవాత కుదరదు పెద్దయ్యా అని చెప్పి వచ్చేశాను. కుదురుతుందో లేదో నేను ఎవరినీ అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.