ఆరేళ్ళు నిద్రపోయిన బండి

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి కార్బొరేటరుతో పని యేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది.

మా నాన్నగారి బుల్లెట్టు మోటారు సైకిలు కొట్టంలో మూలబడి ఆరేళ్ళయింది. 1984లో కొన్న బండి. దానిమీదే ఆయన యిరవై యేళ్ళపాటు కాలవగట్టు వెంబడి బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చారు. పక్షవాతం వచ్చి కుడికాలు స్వాధీనం తప్పాక, ఆయన వసారాలో పడక కుర్చీకీ, బండి కొట్టానికీ పరిమితమైపోయారు. పాత యినుము కొనేవాడు వచ్చి బేరం చేశాడు. ఆదివారం సాయంత్రం వచ్చి పట్టుకుపోతానన్నాడు.

"అమ్ముకోండి. కాని ఒక్కసారి నడిపించి అమ్మండి" అన్నారు నాన్నగారు. ఆయన మాట ముద్దగా వస్తుంది. అయినా అందరికీ అర్థమైంది.

శనివారం ఉదయం బండిని వసారా ముందుకు తోసుకొచ్చి, పంచె యెగగట్టి కిక్కరుమీద కాలు పెట్టాను.

"ఆగు! ఆరేళ్ళు యెండిన సిలిండరు అది. ప్లగ్గు విప్పి ఒక చెంచాడు ఇంజను ఆయిలు పొయ్యి. కాసేపాగి మెల్లగా తిప్పు" అన్నారు. రింగులు పట్టేసి వున్నప్పుడు బలవంతంగా తన్నితే సిలిండరు గీసుకుపోతుందట.

మా వీధి మెకానిక్కు కుర్రవాణ్ణి పిలిచాను. ట్యాంకులోని పాత పెట్రోలు వంపితే గోధుమరంగు తిరిగి, వార్నీషు వాసన కొట్టింది. దానితోపాటు తుప్పు రేకులు కూడా రాలాయి. ట్యాంకు కడిగాము. ఆయిలు మార్చాము. చిలుము పట్టిన పాయింట్లను సన్నని గరుకు కాగితంతో రుద్ది, సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య వుండేటట్లు సరిచేశాడు కుర్రవాడు. పగుళ్ళిచ్చిన టైర్లు తీసి కొత్తవి వేయించాము. బ్రేకులు చూచుకున్నాము.

అయిదో తన్నుకు బండి లేచింది! కాని చోకు వేసి వుంచినంతసేపే బ్రతికింది. చోకు తీస్తే కార్బొరేటరులోంచి టప్పుటప్పుమని తుమ్మి ఆగిపోయింది.

"కొత్త కార్బొరేటరు వెయ్యాలి మాస్టారూ" అన్నాడు కుర్రవాడు.

"అక్కర్లేదు" అన్నది పడక కుర్చీ. "చోకు వేస్తే గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది. అలా వుంటే బ్రతికి, లేకపోతే చస్తోందంటే దానికి పెట్రోలు చాలడం లేదన్నమాట. పైలట్ జెట్టు మూసుకుపోయింది, చూడండి."

విప్పి చూస్తే అంతే. నిలవ పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన జిగురు, వెంట్రుకవాసి రంధ్రాన్ని మూసేసింది. తీగ పెట్టి పొడవబోతే నాన్నగారు మళ్ళీ కేకవేశారు. రంధ్రం పెద్దదైతే జెట్టు పాడైనట్లేనట. మందు ద్రవంలో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేశాము. ఇంజను నెమ్మదిగా, నిలకడగా కొట్టుకున్నది.

ఆదివారం మధ్యాహ్నం బయలుదేరాను. రెండు కిలోమీటర్లు పోయి, కాలవ వంతెన దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలాగి తన్నితే లేచింది. కొంతదూరం పోయి మళ్ళీ ఆగింది. చివరికి తోసుకుంటూ యిల్లు చేరేసరికి యినుము వాడు బండి కట్టుకొని గుమ్మంలో నిలబడి వున్నాడు. మా ఆవిడ నా చొక్కావైపు చూచి యేమీ అనలేదు.

నాన్నగారు మాత్రం, "ఆగినప్పుడు ట్యాంకు మూత తీశావా?" అన్నారు.

"లేదండీ."

"ఇప్పుడు తియ్యి."

తీశాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్నది. మూతకు వుండే సన్నని గాలి రంధ్రంలో కందిరీగ మట్టి పెట్టింది! పెట్రోలు దిగుతున్నకొద్దీ దాని స్థానంలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో వున్న పెట్రోలైనా కిందికి దిగదు. ట్యాంకంతా కడిగిన మేము, మూతను చూడనేలేదు. ఒక చీపురుపుల్లతో పని అయిపోయింది. ఆ తరువాత పన్నెండు కిలోమీటర్లు తిరిగి వచ్చాను, ఒక్కసారి ఆగలేదు.

మీ యింట్లోనూ యిటువంటి బండి వుంటే ఒక మాట. రెండు మూడు నెలలు పక్కన పెట్టేటట్లయితే, చెమ్మకు చోటు లేకుండా ట్యాంకు నింపి, పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటరులోది అయిపోయేదాకా ఇంజను ఆడించండి. యేళ్ళ తరబడి అయితే మొత్తం వంపేయండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా కలిసే ఇథనాలు గాలిలోని తేమను పీలుస్తుంది. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య వుంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అది చూచిగాని యెక్కకండి.

ఆ రెండు రోజులూ గడిచాక నాకు ఒక సంగతి తట్టి సిగ్గు వేసింది. ఆరేళ్ళుగా మేము నాన్నగారిని "మాత్ర వేసుకున్నారా?" అని తప్ప మరొక ప్రశ్న అడిగినట్లు గుర్తు లేదు.

యినుము వాడు పాత టైర్లు, పాత బ్యాటరీ మాత్రం పట్టుకుపోయాడు.

"ఇప్పుడు అమ్ముకో. యినుముగా కాదు, బండిగా అమ్ము" అన్నారు నాన్నగారు.

కొనేవారు యిద్దరు వచ్చి చూచి వెళ్ళారు. ధర కుదరలేదని చెప్పాను. నిజానికి ధర నేను చెప్పనేలేదు.