అధ్యాపకుడు పెట్టిన పేరు

యూనివర్సిటీ ఆచార్యులకు ప్రజాజీవితంతో పనేమిటని అడిగేవారు మనలో కొందరున్నారు. పాఠం చెప్పడం, పరిశోధన చేయించడం, జీతం తీసుకోవడం, ఇంతవరకే వారి హద్దు అని వీరి అభిప్రాయం. జయశంకర్‌గారు, కోదండరామ్‌గారు, బాలగోపాల్‌గారు అని పేర్లు చెబితే, "అవన్నీ వరంగల్లు, హైదరాబాదుల సంగతులు, మన సీమలో అట్లాంటివారు ఎవరున్నారప్పా?" అంటారు. ఆ 'సీమ' అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో వీరు ఆలోచించినట్టు లేదు.

1800లో నిజాము తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చుకింద ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. అప్పటినుంచి మనవి దత్త మండలాలు. ఒకరు ఇచ్చారు, మరొకరు పుచ్చుకున్నారు, మధ్యనున్న జనాన్ని అడిగిన పాపాన పోలేదు. అయినా 128 ఏళ్లు ఆ పేరే మోశాం. 1916లో అనంతపురంలో కాలేజీ పెడితే దానికీ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు పెట్టారు!

ఆ కాలేజీలో తెలుగు బోధించినవారు చిలుకూరి నారాయణరావుగారు. విశాఖ ప్రాంతంనుంచి వచ్చినవారు. భాషాశాస్త్రంలో దిట్ట, ఖురానును తెలుగులోకి తెచ్చిన పండితుడు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ సందర్భంగా దత్త మండలాలవారు సమావేశమైనప్పుడు 'రాయలసీమ' అనే పేరు సూచించింది ఆయనే. పప్పూరి రామాచార్యులుగారు తీర్మానం పెట్టగా సభ ఆమోదించింది. ఈ ఘనత గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిదే అని వాదించేవారూ ఉన్నారు. వాదం ఎటు తేలినా, ఆ పేరు సర్కారు దస్తరంలో పుట్టింది కాదు, చదువుకున్నవారి ఆలోచనలో పుట్టింది.

పేరు ఎందుకు నిలిచింది? నా మటుకు నాకు తోచిన కారణం ఒకటే. దాన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. హిందూపురానికి కూతవేటు దూరంలో లేపాక్షి ఉంది. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతగానికైనా, హిందూపురం మార్కెట్లో చింతపండు తూకం వేయించే రైతుకైనా రాయలెవరో తెలుసు. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు చిన్నవయసులోనే 'పెనుగొండ లక్ష్మి' రాశారంటే, ఆ కోటగోడలు పిల్లలతో కూడా మాట్లాడేవన్నమాట. ధర్మవరంనుంచి హిందూపురం వచ్చే రైలులో పెనుకొండ దగ్గర కొండ కనబడగానే తలతిప్పి చూడని ప్రయాణికుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. నారాయణరావుగారు ఏళ్ల తరబడి శ్రమించి, 1937లో 'ఆంధ్ర భాషా చరిత్రము' వెలువరించారు. తెలుగు ద్రావిడ భాష కాదని, ప్రాకృతంనుంచి పుట్టిందని అందులో వాదించారు. తర్వాతి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. ఆ మహాగ్రంథంలోని సిద్ధాంతం నిలవలేదు గాని, సభలో అన్న ఒక్క మాట కోట్లమంది నాలుకమీద నిలిచింది.

పేరుతో పొలం తడవదు, నిజమే. రాయలు తిరిగి రాలేదు, వాన కూడా వేళకు రాలేదు. కాని పేరు వచ్చాక అడగడం వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. దానిమీద సంతకం చేసినవారిలో హిందూపురం తాలూకా కల్లూరులో పుట్టిన కల్లూరు సుబ్బారావుగారు ఒకరు. విశ్వవిద్యాలయ కేంద్రాలు వాల్తేరులోను, అనంతపురంలోను ఉండాలని అందులో రాసుకున్నారు. అనంతపురానికి పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం వచ్చింది 1968లో. అంటే 31 ఏళ్లకు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది 1981లో, 44 ఏళ్లకు. చూశారా, అక్కడా రాయలే!

2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనంతపురం జిల్లానుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. కేంద్రం పుట్టపర్తి అయింది. హిందూపురమే కావాలని ఆందోళన జరిగింది, నినాదాలు మోగాయి. ఏ పల్లెకు ఏ ఊరు దగ్గర, ఏ చెరువు నీరు ఏ పొలానికి పారుతుంది, మగ్గాలవారికి ఆఫీసు ఎక్కడుంటే మేలు, ఇవన్నీ లెక్కగట్టి చెప్పే ఆచార్యుల వ్యాసం ఒక్కటైనా వస్తుందేమోనని ఆ రోజుల్లో పత్రికలు తిరగేశాను. నా కంటబడలేదు.