కుష్ఠు దాచుకోవలసిన జబ్బు కాదు

హైదరాబాదు పాతబస్తీ నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తుంది. జిల్లాల నుంచి వచ్చే బీదలకు ఇది పెద్ద ధర్మాసుపత్రి. ఇక్కడి చర్మవ్యాధుల విభాగం గజ్జి, తామరలతో పాటు సుఖవ్యాధులకు, కుష్ఠుకు కూడా వైద్యం చేస్తుంది. ఉస్మానియా వైద్య కళాశాలలో ఈ మూడింటినీ ఒకే శాస్త్రంగా బోధిస్తారు. ఒకప్పుడు ఊరవతలకు నెట్టిన కుష్ఠు ఇలా తక్కిన జబ్బుల వరుసలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

అఫ్జల్‌గంజ్‌లో తొలి ఆసుపత్రి 1866లో వెలిసింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద దాన్ని తుడిచిపెట్టింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో గుమ్మటాల భవనం 1925లో పూర్తయింది. 2020 జూలైలో వాననీరు చేరడంతో ఆ భవనంలోని వార్డులను ఖాళీ చేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

ఆ రోజుల్లో కుష్ఠు సోకిన వారికి ఇల్లూ లేదు, ఊరూ లేదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన లేడీ డాక్టరు ఇసబెల్ కెర్ నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో వారికోసం ఆసుపత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ విరాళం ఇచ్చారు. అప్పటి మందు చాల్‌మోగ్రా నూనె. ఆ సూదులు బాధాకరం, గుణం అంతంతమాత్రం.

1940లలో డాప్సోన్ మాత్ర వచ్చింది. కొన్నేళ్లకు కొందరిలో ఆ మందుకు క్రిములు లొంగలేదు. అందుకే రెండు మూడు మందులు కలిపి వాడాలని 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. జబ్బు తీరును బట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడితే కుష్ఠు నయమవుతుంది. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు సోకే భయం పోతుంది. మూత్రం ఎర్రగా రావడం, ఒళ్లు నల్లబడడం మందు ప్రభావమే. భయపడి మానరాదు.

ఇది శాపం కాదు, వంశపారంపర్యం కాదు. క్రిమి వల్ల వచ్చేదని 1873లోనే నార్వే డాక్టరు హాన్సెన్ కనుగొన్నారు. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలును 2019 చట్టం తీసేసింది. అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే.

ఒంటిమీద పాలిపోయిన, లేదా ఎర్రని మచ్చ ఉండి, అక్కడ తాకినా గిచ్చినా తెలియకపోతే ఆలస్యం చేయరాదు. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కినా అంతే. అందుకు హైదరాబాదు దాకా పోనక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే పరీక్ష, మందులు ఉచితం. మొదట్లోనే మందు పడితే వేళ్లు వంకర పోవు. ఊరు విడిచే అవసరం అసలే లేదు.