పుట్టుకతో వచ్చిన లోపం ఆయుష్షును హరిస్తుందా?

“వాళ్ళ వంశంలోనే ఉందటండీ ఆ రోగం!” అన్నది మన ఇళ్ళలో గొంతు తగ్గించి చెప్పుకునే మాట. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడయితే మరీ తగ్గించి చెప్పుకుంటారు. తల్లి రొమ్ముకాన్సరుతో పోయిందంటే కూతురి వంక జాలిగా చూస్తారు. ఆ కూతురికీ ముప్ఫయ్యో యేట అదే రోగం కనిపిస్తే ఇక ఆశ వదులుకుంటారు. జాలి చూపుల వెనుక ఉన్న భయంలో కొంత నిజం లేకపోలేదు. ఆశ వదులుకోవడానికి మాత్రం ఆధారం లేదని బ్రిటనులో జరిగిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఆ సంగతి మన ఆడపడుచులకు తెలియవలసి ఉన్నది.

వంశంలో ఈ రోగం నడుస్తుందన్న అనుమానం నిన్న మొన్నటిది కాదు. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా తన భార్య పుట్టింటివారి వంశవృక్షం వ్రాసి, తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళు కాన్సరు పాలవుతున్నారని 1866లోనే చూపాడు. కారణం తెలుసుకునే సాధనాలు ఆయన కాలంలో లేవు.

ఆ కారణాన్ని వెదకిపట్టుకున్నది ఒక స్త్రీ. అమెరికాలో మేరీ క్లేర్ కింగ్ అనే శాస్త్రజ్ఞురాలు ఏళ్ళ తరబడి 23 కుటుంబాలను, వాటిలోని 146 మంది రోగులను పరిశీలించింది. కుటుంబాలన్నిటినీ ఒక్క రాశిగా పోసి చూస్తే లెక్క తేలలేదు. చిన్నవయసులోనే రోగం వచ్చిన కుటుంబాలను ముందు పెట్టి, వరసగా పేర్చేసరికి గుట్టు బయటపడింది. లోపం 17వ క్రోమోసోము మీద ఉందని 1990లో ఆమె ప్రకటించింది. 1994లో ఆ జన్యువే దొరికింది. దాని పేరు బ్రాకా-1. మరుసటి ఏడు 13వ క్రోమోసోము మీద బ్రాకా-2 దొరికింది.

ఈ జన్యువులు మనకు శత్రువులేమో అనుకునేరు! అవి నిజానికి ఇంటి మరమ్మతు చేసే మేస్త్రీలు. కణంలోని జన్యుపదార్థం తెగినప్పుడు దాన్ని అతికించేది అవే. ఒక్కొక్క జన్యువు మనకు రెండేసి ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక మేస్త్రీ పుట్టుకతోనే పనికిరానివాడయితే భారమంతా రెండోవాడి మీద పడుతుంది. ఎక్కడో ఒక కణంలో ఆ రెండోవాడూ చెడిపోతే తెగినవి తెగినట్టే ఉండి, కాన్సరుకు దారి ఏర్పడుతుంది. లోపమున్న స్త్రీలలో ఎనభయ్యేళ్ళు వచ్చేసరికి నూటికి సుమారు 70 మందికి రొమ్ముకాన్సరు వస్తుందని లెక్క. అండాశయపు కాన్సరు బ్రాకా-1 వారిలో నూటికి 44 మందికి, బ్రాకా-2 వారిలో 17 మందికి.

ఇక్కడొక మాట. మనవాళ్ళు “అమ్మకు ఉందా? అమ్మమ్మకు ఉందా?” అని అడిగి ఊరుకుంటారు. మేనత్తను, నాయనమ్మను లెక్కలోకి తీసుకోరు. కాని ఈ లోపం తండ్రి ద్వారా కూడా అంతే సులువుగా వస్తుంది. తల్లిదండ్రులలో ఎవరికున్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మేనరికాలు చేసుకునే మన కుటుంబాల్లో మరొక చిక్కు కూడా ఉన్నది. భార్యాభర్తలిద్దరికీ బ్రాకా-2 లోపం ఉంటే బిడ్డకు రెండు ప్రతులూ చెడినవే రావచ్చు. అప్పుడు ఫాన్కోనీ రక్తహీనత అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. ఇది చాలా అరుదు లెండి.

ఇక అసలు సంగతి. రోగం వచ్చేసిన యువతి మాటేమిటి? బ్రిటనులోని 127 ఆసుపత్రులలో, 2000 నుంచి 2008 వరకు, నలభై ఏళ్ళలోపు రొమ్ముకాన్సరు బయటపడిన 2,733 మంది స్త్రీలను డాక్టర్లు చేర్చుకుని ఏళ్ళ తరబడి గమనించారు. వారిలో 338 మందికి, అంటే నూటికి 12 మందికి, బ్రాకా లోపం ఉంది. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. పదేళ్ళ తరువాత బ్రతికి ఉన్నవారు లోపమున్నవారిలో నూటికి 73 మంది, లేనివారిలో 70 మంది. ఆ కాస్త తేడా లెక్కలోకి వచ్చేది కాదు. అంటే లోపం రోగాన్ని తెచ్చిపెట్టగలదు గాని, వచ్చిన రోగాన్ని మరింత ప్రాణాంతకం చేయటం లేదన్నమాట! హార్మోను మందులు పనిచేయని మొండి రకం వచ్చినవారిలోనయితే, మొదటి రెండేళ్ళూ లోపమున్నవారి పరిస్థితే కాస్త మెరుగు: వారిలో 95 మంది, లేనివారిలో 91 మంది. తరువాత ఆ తేడా నిలవలేదు.

దీనివల్ల ఒరిగేదేమిటంటారా? రోగం తెలిసిన వారంలోనే, భయంతో, బాగున్న రెండో రొమ్మును కూడా తీయించుకోవాలన్న తొందర అక్కరలేదు. ముందు వైద్యం పూర్తిచేసుకుని, తేరుకుని, ఇంట్లోవాళ్ళతోనూ డాక్టరుతోనూ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. సినిమా తార ఆంజెలినా జోలీ రెండు రొమ్ములూ తీయించుకున్నానని 2013లో లోకానికి చెప్పింది కదా అని కొందరు అంటారు. ఆమెకు అప్పటికి రోగం లేదు, రాకుండా చేయించుకున్నది. ఈ రెండు సందర్భాలనూ కలిపి చూడకూడదు.

లోపమున్నవారికే పనికివచ్చే మందు కూడా ఒకటి వచ్చింది. ఒలాపరిబ్ అనే ఆ మాత్ర, మరమ్మతు చేసుకునే రెండవ దారిని కూడా మూసివేస్తుంది. మొదటి దారి ముందే చెడి ఉన్న కాన్సరు కణం దానితో చస్తుంది. ఒక ప్రతి బాగున్న మామూలు కణం తట్టుకుంటుంది. రోగం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న 1,836 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఏడాదిపాటు మాత్ర వాడినవారిలో మూడేళ్ళ తరువాత రోగం తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 86 మంది. వాడనివారిలో 77 మంది.

అందుచేత చిన్నవయసులో రోగం వచ్చిన అమ్మాయికి జన్యుపరీక్ష చేయిస్తే ఆమె వైద్యానికే ఉపయోగం. రక్తం కొద్దిగా తీసి చేస్తారు. ఇంట్లో ముందుగా చేయించవలసింది రోగం వచ్చిన మనిషికే. ఆమెలో లోపం దొరికితే అదే లోపం కోసం మిగిలినవారిని చూడవచ్చు. అక్కచెల్లెళ్ళలో అది లేదని తేలిన పిల్లకు ఆ లోపం వల్ల వచ్చే ప్రమాదం లేనట్టే. అన్నదమ్ములు కూడా చేయించుకోవాలి, వాళ్ళకూ కూతుళ్ళుంటారు.