నానమ్మ వెండి రూపాయి బరువు ఎందుకు తగ్గింది?

ఈరోజు ఎపిసోడ్ మా నానమ్మ ట్రంకు పెట్టెలోంచి మొదలవుతుంది. అందులో ఐదు వెండి రూపాయలున్నాయి, 1906 నుంచి 1919 మధ్యవి. పెళ్లప్పుడు వాళ్ళ నాన్న ఇచ్చినవి. బాగా అరిగిన ఒకదాన్ని షాపుకి తీసుకెళ్తే, ఆయన కాటాలో వేసి "బరువు తక్కువుంది, ఇది డూప్లికేట్ బాబూ" అన్నాడు. నానమ్మకి చెప్తే మొహం చిన్నబోయింది. "మా నాన్న నాకు దొంగ రూపాయి ఇచ్చాడా?" అంది.

అప్పుడు కూర్చుని లెక్క తీశాను. టంకశాల నుంచి కొత్తగా వచ్చిన ఆ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఇదే అసలు తులం. ఇప్పుడు షాపుల్లో 10 గ్రాముల్ని తులం అంటున్నారు గానీ, పాత తులం రూపాయి ఎత్తే. మా నాణెం 11.31 ఉంది. 0.35 గ్రాములు తక్కువ, అంటే దాదాపు 3 శాతం.

మరి ఆ వెండి ఎక్కడికి పోయింది? ఎవరూ దొంగిలించలేదు. సంచిలో నాణెం నాణెంతో రాసుకుంటుంది, గల్లాపెట్టెలో పడుతుంది, వేళ్ళ మధ్య నలుగుతుంది. ప్రతిసారీ కంటికి కనపడనంత లోహం పోతుంది. ముందు అరిగేది ఎత్తుగా ఉన్న చోట్లే: రాజుగారి బుగ్గ, చెవి, కిరీటం.

దీన్ని కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. 1868లో ఇంగ్లాండు ఆర్థికవేత్త జెవన్స్, చలామణిలో ఉన్న బంగారు సావరిన్ల మీద లెక్కలు వేశాడు. ఒక్కో సావరిన్ ఏడాదికి సుమారు 0.043 గ్రెయిన్లు, అంటే 3 మిల్లీగ్రాముల లోపే అరుగుతుందని తేల్చాడు. అంత తక్కువైనా, దాదాపు 18 ఏళ్లకి అది చట్టం ఒప్పుకునే బరువు కంటే కిందికి దిగిపోతుంది.

చిన్న నాణేలు ఇంకా త్వరగా అరుగుతాయి. బేడ, పావలా లాంటివాటికి బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ. పైగా చేతులు మారేదీ ఎక్కువే.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 1906 నాణేల చట్టం ప్రకారం 2 శాతం కంటే ఎక్కువ బరువు తగ్గిన రూపాయి అప్పట్లో చెల్లేది కాదు. అంటే 11.43 గ్రాముల లోపుంటే ఎవరైనా తీసుకోనని చెప్పగలిగేవారు. మా రూపాయి ఆ లెక్కన చెల్లదు. కానీ చెల్లకపోవడం వేరు, దొంగది కావడం వేరు!

తేడా ఎలా పట్టాలి? బరువునీ బొమ్మనీ కలిపి చూడండి. బొమ్మ అరిగి బరువు తగ్గితే, అది మామూలే. బొమ్మ కొత్తదానిలా మెరుస్తూ బరువు మాత్రం తక్కువుంటే అనుమానించాలి. బాగా అరిగిన నాణెం 11.66 కంటే ఎక్కువ తూగినా అనుమానించాల్సిందే, ఎందుకంటే అరుగుదల బరువు పెంచదు. అంచు మీద గీతలు కూడా చూడండి, ఆకురాయి పెట్టి వెండి తీసుంటే అక్కడే తెలుస్తుంది. ఇంకో మాట: మెరవాలని గట్టిగా తోమకండి. అదీ అరగదీయడమే.

మా నాణెం బుగ్గ చదునైపోయింది, చెవి ఆనవాలే లేదు. ఇంకో చోట టెస్ట్ చేయిస్తే వెండేనని తేలింది. నానమ్మకి చెప్తే నవ్వి, "అయితే బాగా ఊళ్ళు తిరిగిన రూపాయన్నమాట" అని మళ్ళీ పెట్టెలో దాచేసింది.

మీ ఇంట్లో పాత రూపాయి ఉంటే తూకం వేసి, ఎంతుందో కామెంట్‌లో చెప్పండి. బై!