హిజ్లీ: స్టేషను పేరులో మిగిలిన సముద్రతీరపు కోట

రైల్వే కొలువు నిమిత్తం తరాల క్రితం ఖరగ్‌పూర్ చేరి స్థిరపడిన తెలుగువారికి హిజ్లీ అనగానే పక్క స్టేషను, ఐ.ఐ.టి. ఆవరణలోని పాత నిర్బంధ శిబిరం స్ఫురిస్తాయి. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో పోలీసులు నిరాయుధులైన ఖైదీలపై జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అసువులు బాశారు. అయితే అసలు హిజ్లీ ఇక్కడ లేదు. అది తూర్పు మేదినీపూర్ జిల్లాలో, రసూల్‌పూర్ నది హుగ్లీ ముఖద్వారంలో కలిసే చోట ఉంది.

ఒకప్పుడది ఉప్పుకు పేరొందిన రేవు. 1687 ఫిబ్రవరిలో మొఘలులతో వైరం తెచ్చుకున్న ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జాబ్ చార్నాక్ అక్కడి కోటను ఆక్రమించాడు. చుట్టూ చిత్తడి నేల, తాగునీటికి కటకట. ఫిరంగుల కంటె జ్వరాలే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నాయి. మొఘల్ సేనాని అబ్దుస్ సమద్ ముట్టడి బిగించి, కోట నేడో రేపో అనుకుంటున్న తరుణంలో కెప్టెన్ డెన్హమ్ దాదాపు 70 మందితో ఓడలో వచ్చాడు. చార్నాక్ తన మనుషులను రహస్యంగా రేవుకు పంపి, డప్పులు మోగిస్తూ మళ్లీ మళ్లీ కోటలోకి నడిపించాడట. సేన వెల్లువలా వస్తోందని భ్రమించిన ఎదుటి పక్షం సంధికి దిగింది. చార్నాక్ జూన్‌లో హిజ్లీని వీడాడు. మూడేళ్ల తరువాత, 1690 ఆగస్టు 24న, ఆయన దిగిన సుతానుటి గ్రామం చుట్టూనే కలకత్తా పెరిగింది.

నేడు అక్కడికి వెళ్లేవారు బురుజులను, ప్రాకారాలను ఊహించుకుంటే నిరాశ తప్పదు. చూడదగినది మస్నద్-ఇ-ఆలా మసీదు. హిందువులు, ముస్లిములు ఇరువురూ అక్కడ మొక్కులు చెల్లిస్తారు. సమీపంలోని ఖేజురీలో పాత తపాలా కార్యాలయపు శిథిలాలు ఉన్నాయి. కలకత్తాకు తొలినాళ్లలోనే తంతి మార్గంతో కలిసిన ఆ రేవును 1864 అక్టోబరు 5 నాటి తుపాను నేలమట్టం చేసింది. నెల తిరగకముందే, నవంబరు 1న, మరొక ఉప్పెన మన మచిలీపట్నాన్ని ముంచి దాదాపు 30 వేల మందిని బలిగొన్నది. బందరు కోట శిథిలాలను చూసినవారికి ఖేజురీ గోడలు కొత్తగా తోచవు.

ఖరగ్‌పూర్ నుండి పాన్స్‌కుడా చేరి, దీఘా రైలులో కాంథీలో దిగి, రోడ్డు మార్గాన హిజ్లీకి వెళ్లవచ్చు. వేసవి, వానకాలం కంటె శీతకాలం అనువు.