‘ఆడ విత్తనం’ అనవచ్చునా? – గంజాయి పంటలో విత్తన ఎంపిక, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం: గంజాయి ప్రజాతిలో మగ, ఆడ మొక్కలు సాధారణంగా వేరువేరుగా ఉంటాయి. సాగుకు అనుమతి ఉన్న దేశాలలో రైతులు రెండు తరహాల విత్తనాల నుండి ఒకదానిని ఎంచుకుంటారు. ఒకటి మగ, ఆడ మొక్కలు రెండింటినీ ఇచ్చే ‘రెగ్యులర్’ విత్తనం. రెండవది దాదాపు అన్నీ ఆడ మొక్కలే ఇచ్చే ‘ఫెమినైజ్డ్’ విత్తనం. ఈ ఎంపికకు ఆధారమైన వృక్షశాస్త్ర సూత్రాన్ని వివరించి, వీటికి తగిన తెలుగు పదాలను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గంజాయి, ఏకలింగాశ్రయి, పుప్పొడి, విత్తన ఎంపిక, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

మొక్కలలో లింగభేదం తెలుగు రైతుకు కొత్త విషయం కాదు. పోతుతాడి కాయదనీ, పెంటితాడి కాస్తుందనీ పల్లెల్లో అందరూ ఎరిగినదే. మగ, ఆడ చెట్లు వేరుగా ఉండే బొప్పాయి రకాలలో గుంటకు రెండు మూడు మొక్కలు నాటుతారు. పూత వచ్చాక పదింట ఒకటి చొప్పున మగచెట్లను ఉంచి తక్కినవాటిని తీసివేస్తారు. ఇటువంటి మొక్కలను వృక్షశాస్త్ర పరిభాషలో ఏకలింగాశ్రయులు అంటారు. గంజాయి కూడా ఈ కోవకు చెందినదే.

ముందుగా ఒక పదభ్రమను తొలగించుకోవాలి. ఆంగ్లంలో ‘హెంప్’ అనే మొక్కను తెలుగులో జనుముగానో గోగుగానో అనువదించడం కనిపిస్తుంది. జనుము చిక్కుడు కుటుంబానికీ, గోగు బెండ కుటుంబానికీ చెందినవి. నార ఇవ్వడం ఒక్కటే వీటికీ హెంప్‌కూ ఉన్న పోలిక. మత్తు పదార్థం అత్యల్పంగా ఉండే గంజాయి రకాలనే హెంప్ అంటారు.

2. మొక్కల లింగం – చారిత్రక నేపథ్యం:

పూర్వం ఇంగ్లండు రైతులు గింజ కాసే బలమైన హెంప్ మొక్కను ‘కార్ల్’ అనీ, ముందుగా ఎండిపోయే సన్నని మొక్కను ‘ఫింబుల్’ అనీ పిలిచారు. మొదటి పదానికి పురుషుడనీ, రెండవదానికి స్త్రీ అనీ మూలార్థాలు. అంటే బలాన్ని చూసి ఆడ మొక్కకు మగ పేరు పెట్టారన్నమాట. 1694లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ కామెరారియస్ మొక్కల లింగభేదాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. ఆయన పరీక్షించిన మొక్కలలో హెంప్ ఒకటి. మగ మొక్కలకు దూరంగా ఉంచినా ఆడ మొక్కలు కొన్ని గింజలు కట్టడం ఆయనను కలవరపెట్టింది. గాలిలో దూరం నుండి పుప్పొడి రావడం దీనికి ఒక కారణం కావచ్చు. ఆడ మొక్కే ఒక్కోసారి కొన్ని మగపూలు పూయడం మరొక కారణం కావచ్చు. ఈ రెండవ లక్షణమే నేటి ఫెమినైజ్డ్ విత్తనాలకు పునాది.

3. రెండు విత్తనాల తయారీ:

గంజాయి మొక్కలో ఇరవై క్రోమోజోములుంటాయి. ఆడ మొక్కలో లింగ క్రోమోజోములు రెండూ ఎక్స్. మగ మొక్కలో ఒకటి ఎక్స్, ఒకటి వై. మగ మొక్క పుప్పొడితో ఫలదీకరణ జరిగితే గింజలలో సుమారు సగం ఆడవి, సగం మగవి అవుతాయి. ఇదే రెగ్యులర్ విత్తనం.

ఆడ మొక్కలో ఎథిలీన్ హార్మోను ప్రభావాన్ని వెండి లవణాలతో అడ్డుకుంటే అది మగపూలు పూస్తుంది. ఆ పుప్పొడిలో వై క్రోమోజోము ఉండదు. దానితో కట్టిన గింజలు దాదాపు అన్నీ ఆడ మొక్కలవుతాయి. కేవలం ఆడపూలే పూసే దోస వంశాలను నిలుపుకోవడానికి విత్తనోత్పత్తిదారులు అనుసరించే పద్ధతి కూడా ఇటువంటిదే. అయితే ఒత్తిడికి లోనైనప్పుడు ఫెమినైజ్డ్ మొక్కలు సైతం మగపూలు పూయవచ్చు. కనుక ‘నూటికి నూరు’ అన్న హామీ శాస్త్రీయం కాదు.

4. ఎంపికకు ప్రాతిపదిక:

ఏ విత్తనం మేలు అన్న ప్రశ్నకు పంట ప్రయోజనాన్ని బట్టే సమాధానం చెప్పాలి.

అ) పూత కోసం: ఔషధ ద్రవ్యాలు ఆడపూల జిగురులో ఉంటాయి. గింజ కడితే ఆ ద్రవ్యాలు తగ్గుతాయి. వెయ్యి ఆడ మొక్కలు కావాలంటే రెగ్యులర్ విత్తనాలు సుమారు రెండు వేలు నాటి, పూత తొలిదశలోనే మగవాటిని ఏరివేయాలి. ఒక్క మగ మొక్క మిగిలినా చుట్టుపక్కల పూత గింజ కట్టవచ్చు. పంతొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో, నౌగావ్ ప్రాంతంలో ఈ ఏరివేతకే ‘పొద్దార్’ అనే నిపుణులుండేవారు. 1893–94 నాటి భారత గంజాయి విచారణ సంఘం నివేదికలో వారి ప్రస్తావన ఉంది. ఈ శ్రమను తప్పించేది ఫెమినైజ్డ్ విత్తనం.

ఆ) గింజ, నార కోసం: గింజ పంటకు పుప్పొడి తప్పనిసరి. మగ మొక్కల నార మరింత సన్నగా ఉంటుంది. ఇక్కడ ఖరీదైన ఫెమినైజ్డ్ విత్తనంతో పనిలేదు.

ఇ) వంశాభివృద్ధి కోసం: కొత్త రకాల రూపకల్పనకూ, పాత రకాల పరిరక్షణకూ మగ మొక్కలు అవసరం. ఒకే మొక్కను దాని పుప్పొడితోనే తరతరాలుగా సంపర్కం చేస్తే వైవిధ్యం తగ్గి సంతతి బలహీనపడుతుంది.

మరొక ముఖ్యాంశం విత్తన స్వావలంబన. ఫెమినైజ్డ్ పంట అనుకున్నట్లు పండితే అందులో గింజే ఉండదు. కాబట్టి రైతు మరుసటి పంటకు మళ్ళీ విత్తనం కొనాలి. పైగా గింజను చూసి దాని లింగం చెప్పలేము. అమ్మకందారు మాటనే నమ్మాలి. ఏటా సంకర పత్తి విత్తనాలు కొనే తెలుగు రైతుకు ఈ పరాధీనత ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

5. పరిభాష:

ఫెమినైజ్డ్ విత్తనాన్ని ‘ఆడ విత్తనం’ అంటే అర్థం చెడుతుంది. రెగ్యులర్ విత్తనాలలోనూ సగం ఆడవే కదా! ‘స్త్రీకృతం’ అంటే మగ గింజను ఆడగా మార్చారన్న భ్రమ కలుగుతుంది. నిజానికి మార్పు చేసింది గింజలో కాదు, పుప్పొడినిచ్చిన మొక్క పూతలో. ఇక ‘సాధారణ విత్తనం’ అన్న మాట దానిని నాసిరకంగా ధ్వనింపజేస్తుంది. కాబట్టి ‘స్త్రీసంతతి విత్తనం’, ‘ఉభయసంతతి విత్తనం’ అనే జంటపదాలు ఉచితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఇవి గింజ లక్షణాన్ని కాక, దాని నుండి వచ్చే సంతతిని సూచిస్తాయి.

6. చట్ట నేపథ్యం:

ఈ ఎంపిక అనుమతి ఉన్నచోటనే వర్తిస్తుంది. అమెరికా 2018 వ్యవసాయ చట్టం మత్తు పదార్థం 0.3 శాతానికి మించని హెంప్‌ను నిషిద్ధ జాబితా నుండి తొలగించింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేని సాగుకు పదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. గంజాయి మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా అని చట్టం నిర్వచించింది. మగ మొక్క గనుక నేరం కాదన్న వాదనకు అందులో చోటు లేదు. నార, గింజ, ఉద్యాన ప్రయోజనాలకు మాత్రం ప్రభుత్వం అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ ఈ దారిలో నడిచింది.

7. ముగింపు:

పూతకు స్త్రీసంతతి విత్తనం, గింజకూ నారకూ వంశరక్షణకూ ఉభయసంతతి విత్తనం అనుకూలమని పై చర్చ వల్ల స్పష్టమవుతున్నది. మొదటిది ఒక పంట శ్రమను తగ్గిస్తుంది. రెండవది రాబోయే పంటల విత్తనాన్ని రైతు చేతిలో ఉంచుతుంది. వ్యవసాయ విజ్ఞానాన్ని తెలుగులోకి తెచ్చే అనువాదకులు ఈ భేదం మరుగునపడని పదాలను ఎంచుకోవలసి ఉంది.